చట్టంతో సంఘర్షణలో ఉన్న బాలలు – ఇంటి దగ్గరే కౌన్సెలింగ్

7.0 లక్ష్యాలు

ఈ భాగాన్ని చదివిన తరవాత మీరు:
• బాలలను సంస్థలో ఉంచడం చివరి మార్గం ఎందుకు కావాలో వివరించగలుగుతారు.
• బాలన్యాయ చట్టం, 2015 లో బాలుణ్ణి ఇంటి దగ్గర ఉంచడానికి ఉన్న అవకాశాలను గుర్తించగలుగుతారు.
• ఇంటి దగ్గర జరిగే కౌన్సెలింగ్ దశలను ఒక సందర్భానికి అన్వయించగలుగుతారు.
• ఇటువంటి కార్యక్రమాల పరిమితులను చర్చించగలుగుతారు.

7.1 పరిచయం

కామారెడ్డి జిల్లా లింగంపేట మండలంలోని ఒక పల్లెను ఊహించుకోండి. అక్కడ పదిహేనేళ్ల బాలుడు ఉన్నాడు. తండ్రి నాలుగేళ్లుగా దుబాయిలో కూలి పని చేస్తున్నాడు. తల్లి పొద్దంతా చాట ఒడిలో పెట్టుకొని బీడీలు చేస్తుంది. ఇంట్లో నానమ్మ, చెల్లెలు ఉన్నారు. తొమ్మిదో తరగతి మధ్యలో బాలుడు బడికి వెళ్లడం తగ్గించాడు. ఒక రాత్రి మరో ఇద్దరు బాలురతో కలిసి పొలంలో బోరు మోటారు కేబుల్‌ను కోసి, అందులోని రాగి తీగను పాత సామాన్ల వ్యాపారికి అమ్మాడు. వరి పొట్టకొచ్చిన సమయంలో మోటారు ఆగిపోవడంతో రైతు మడి ఎండింది. రెండు రోజుల్లో విషయం బయటపడింది.

పోలీస్ స్టేషన్ దగ్గర ఆ తల్లి అనే మాట ఇది: "సారూ, వీన్ని హోంలనే ఉంచుండ్రి. నాతోని అయితలేదు." రైతు మాట మరొకటి: "ఇయ్యాల ఇడిసిపెడితే రేపు ఇంకో మోటరు పోతది."

ఈ బాలుడు కల్పిత పాత్ర. అయితే అతని చుట్టూ ఉన్న పరిస్థితులు ఈ ప్రాంతానికి కొత్తవి కావు. తల్లి మాటలో అలసట ఉంది. రైతు మాటలో నష్టం ఉంది. రెండింటినీ తేలికగా తీసుకోరాదు. కాని ఇద్దరూ ఒకే విషయాన్ని నమ్ముతున్నారు: ఇంటికి పంపడమంటే వదిలేయడమని. ఈ నమ్మకం ఎంతవరకు సరైందో పరిశీలించడమే ఈ భాగం ఉద్దేశం. ఇంటికి పంపి ఏమీ చేయకపోతే అది నిజంగా వదిలేయడమే. ఇంటి దగ్గర ఉంచి కుటుంబంతో, బడితో, ఊరితో కలిసి పనిచేస్తే అది సంస్థలో ఉంచడం కంటే కష్టమైన పని, మెరుగైన పని కూడా.

7.2 సంస్థ నుంచి ఇంటికి: చారిత్రక నేపథ్యం

బాల నేరస్థులను పెద్దల నుంచి వేరుచేయాలన్న ఆలోచన మన దేశంలో 1850 నాటి అప్రెంటిసెస్ చట్టంతో మొదలైంది. 1876 లో, తిరిగి 1897 లో వచ్చిన సంస్కరణ పాఠశాలల చట్టాలు బాలలను జైలుకు బదులు ప్రత్యేక పాఠశాలలకు పంపాయి. 1920 లో మద్రాసు రాష్ట్రం మన దేశంలో మొదటి బాలల చట్టాన్ని చేసింది. ఆనాటి ఆంధ్ర ప్రాంతం ఆ చట్టం కిందికే వచ్చేది. హైదరాబాదు రాష్ట్రం 1951 లో తన బాలల చట్టాన్ని తెచ్చుకుంది. ఆ విధంగా లింగంపేట ఉన్న నిజామాబాద్ జిల్లాకు అది వర్తించింది.

ఇంటి దగ్గరే పర్యవేక్షణ అనే భావన మరో దారిలో వచ్చింది. అమెరికాలోని బోస్టన్ నగరంలో జాన్ అగస్టస్ అనే చెప్పుల తయారీదారు 1841 లో ఒక తాగుబోతును తన పూచీపై కోర్టు నుంచి తీసుకువెళ్లి బాగుచేయడంతో ప్రొబేషన్ భావన రూపుదిద్దుకొంది. తరవాత అతడు బాలలకు కూడా పూచీ పడ్డాడు. 1899 లో షికాగోలో మొదటి బాలల న్యాయస్థానం ఏర్పడింది. మన దేశంలో అపరాధుల ప్రొబేషన్ చట్టం 1958 లో వచ్చింది. దేశమంతటికీ ఒకే బాలన్యాయ చట్టం 1986 లోను, దాని స్థానంలో మరొకటి 2000 లోను, ఇప్పుడు అమలులో ఉన్నది 2015 లోను రూపొందాయి. 2015 నాటి చట్టం 2016 జనవరి 15 నుంచి అమలులోకి వచ్చింది.

ఐక్యరాజ్య సమితి 1985 లో ఆమోదించిన బీజింగ్ నియమాలు, 1989 నాటి బాలల హక్కుల ఒడంబడిక ఈ మార్పుకు అంతర్జాతీయ పునాది వేశాయి. బాలుణ్ణి నిర్బంధించడం చివరి మార్గంగా, వీలైనంత తక్కువ కాలానికే ఉండాలని ఒడంబడిక 37వ అధికరణం చెబుతుంది. భారతదేశం 1992 డిసెంబరులో ఈ ఒడంబడికలో చేరింది.

7.3 సంస్థ చివరి మార్గం ఎందుకు కావాలి?

దీనికి మూడు ప్రధాన కారణాలు ఉన్నాయి.

(అ) ఎక్కువమంది బాలలు వయసుతోపాటు తప్పు దారి వదులుతారు. టెరీ మాఫిట్ అనే మనోవిజ్ఞాన శాస్త్రవేత్త 1993 లో రెండు రకాల బాలలను వేరుచేసి చూపింది. కొద్దిమందిలో సమస్య పసితనంలోనే మొదలై జీవితమంతా సాగుతుంది. ఎక్కువమందిలో అది కౌమారానికే పరిమితమవుతుంది. ఈ రెండో రకం బాలలను మార్చేవి చదువు, పని, బాధ్యత, దగ్గరివారి నమ్మకం. సంస్థలో ఉంచినప్పుడు తెగిపోయేవి కూడా ఇవే.

(ఆ) తప్పు చేసిన బాలలను ఒకచోట చేర్చితే ఒకరి నుంచి మరొకరు నేర్చుకుంటారు. థామస్ డిషియన్, జోన్ మెకార్డ్, ఫ్రాంసువా పూలాన్ 1999 లో ప్రచురించిన వ్యాసం ఈ ప్రమాదాన్ని ఎత్తిచూపింది. తోటివారి నవ్వు, మెప్పు తప్పుడు ప్రవర్తనకు బహుమానంగా పనిచేస్తాయి. కేబుల్ కోసిన బాలుడు అంతకంటే పెద్ద పనులు చేసినవారి మధ్య రోజులు గడిపితే ఏం నేర్చుకుంటాడో ఊహించడం కష్టం కాదు.

(ఇ) సంస్థ బాలుణ్ణి మార్చినా ఇల్లు మారదు. తిరిగి వచ్చేది అదే ఇంటికి, అదే స్నేహితుల మధ్యకు. పైగా అప్పటికి ఊరు అతనికి ఒక పేరు పెట్టి ఉంటుంది. లింగంపేట నుంచి కామారెడ్డి, అక్కడి నుంచి నిజామాబాద్ వెళ్లి బిడ్డను చూసిరావాలంటే బీడీలు చేసే తల్లికి ఆ రోజు కూలి పోతుంది. క్రమంగా రాకపోకలు తగ్గుతాయి, బంధం సడలుతుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 1
బాలలను సంస్థలో ఉంచడం వల్ల కలిగే రెండు నష్టాలను మీ మాటల్లో రాయండి.

7.4 చట్టం ఇచ్చే అవకాశాలు

బాలన్యాయ చట్టం 3వ సెక్షన్ మౌలిక సూత్రాలను పేర్కొంటుంది. సంరక్షణలో కుటుంబానిదే మొదటి బాధ్యత, సంస్థలో ఉంచడం చివరి మార్గం, నింద మోపే పదాలు వాడరాదు, వ్యక్తిగత గోప్యతను కాపాడాలి, బాలుడికి కొత్తగా మొదలుపెట్టే అవకాశం ఇవ్వాలి – ఇవి వాటిలో కొన్ని.

చట్టం నేరాలను మూడు తరగతులుగా విభజించింది. గరిష్ఠ శిక్ష 3 సంవత్సరాల వరకు ఉన్నవి చిన్న నేరాలు. కనీస శిక్ష 7 సంవత్సరాలు లేదా అంతకంటే ఎక్కువ ఉన్నవి హేయమైన నేరాలు. మధ్యలో ఉన్నవి తీవ్ర నేరాలు. భారతీయ న్యాయ సంహిత ప్రకారం సాధారణ దొంగతనానికి 3 సంవత్సరాల వరకు శిక్ష ఉంది. అందువల్ల మన ఉదాహరణలోని కేబుల్ దొంగతనం చిన్న నేరం కిందికి వస్తుంది. రైతుకు జరిగిన నష్టం చిన్నదని దీని అర్థం కాదు. చట్టం ఎంచుకోవలసిన దారి ఏమిటో ఈ విభజన చెబుతుంది.

2016 నాటి నమూనా నియమాల ప్రకారం హేయమైన నేరం, లేదా పెద్దలతో కలిసి చేసిన నేరం అయితేనే ఎఫ్‌ఐఆర్ నమోదు చేయాలి. మిగిలిన సందర్భాల్లో బాలల సంక్షేమ పోలీసు అధికారి విషయాన్ని జనరల్ డైరీలో రాసి, బాలుడి సామాజిక నేపథ్య నివేదికను బోర్డుకు పంపాలి. బాలుణ్ణి అదుపులోకి తీసుకొంటే 24 గంటల్లో బోర్డు ముందు హాజరుపరచాలి. లాకప్‌లో గాని జైలులో గాని ఉంచరాదు.

బాలన్యాయ బోర్డులో ఒక మేజిస్ట్రేట్, ఇద్దరు సామాజిక కార్యకర్తలు ఉంటారు. ఆ ఇద్దరిలో ఒకరైనా మహిళ కావాలి. బెయిలు ఇవ్వడమే ఇక్కడ సాధారణ సూత్రం (సెక్షన్ 12). విడుదలైతే నేరస్థుల సాంగత్యంలో పడతాడని, లేదా అతనికి నైతికంగా, శారీరకంగా, మానసికంగా ప్రమాదం ఉందని, లేదా న్యాయం దెబ్బతింటుందని నమ్మడానికి తగిన కారణాలు ఉన్నప్పుడే బోర్డు బెయిలును నిరాకరించగలదు. ప్రొబేషన్ అధికారి 2 వారాల్లో సామాజిక దర్యాప్తు నివేదిక ఇవ్వాలి. విచారణ మామూలుగా 4 నెలల్లో ముగియాలి.

తప్పు చేశాడని తేలిన తరవాత బోర్డు ఇవ్వగల ఉత్తర్వులు 18వ సెక్షన్‌లో ఉన్నాయి:
1. బాలుడికి, తల్లిదండ్రులకు కౌన్సెలింగ్ ఇచ్చి, హితవు చెప్పి లేదా మందలించి ఇంటికి పంపడం.
2. బృంద కౌన్సెలింగ్‌లో పాల్గొనమనడం.
3. పర్యవేక్షణలో సమాజ సేవ చేయమనడం.
4. జరిమానా చెల్లించమనడం.
5. మంచి నడవడిక షరతుతో తల్లిదండ్రుల, సంరక్షకుల లేదా తగిన వ్యక్తి పూచీపై 3 సంవత్సరాలకు మించకుండా ప్రొబేషన్.
6. తగిన సంస్థ సంరక్షణలో 3 సంవత్సరాలకు మించకుండా ప్రొబేషన్.
7. ప్రత్యేక గృహానికి 3 సంవత్సరాలకు మించకుండా పంపడం.

ఈ వరసను గమనించండి. మొదటి అయిదూ బాలుణ్ణి ఇంటి దగ్గర ఉంచి అమలు చేయగలిగినవే. ప్రత్యేక గృహం వరసలో చివరిది. వీటికి తోడుగా బడికి వెళ్లాలని, వృత్తి శిక్షణ పొందాలని, మత్తు విముక్తి చికిత్స తీసుకోవాలని, ఫలానా చోటికి వెళ్లరాదని కూడా బోర్డు ఆదేశించవచ్చు. అంటే కావలసిన అధికారం చట్టంలో ఉంది. కొరత ఏర్పడేది ఉత్తర్వు వచ్చిన మర్నాటి నుంచి ఆ పల్లెలో పని చేసే మనుషుల విషయంలో.

7.5 ఇంటి దగ్గర కౌన్సెలింగ్: దశలు

యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ 1979 లో ప్రతిపాదించిన పర్యావరణ దృక్పథం ప్రకారం బాలుడి చుట్టూ కుటుంబం, బడి, స్నేహితులు, ఊరు వలయాలుగా ఉంటాయి. అందువల్ల కౌన్సెలింగ్ బాలుడికి మాత్రమే ఇచ్చే ఉపదేశం కారాదు. మన ఉదాహరణను దశలవారీగా చూద్దాం.

7.5.1 మదింపు

"ఎందుకు చేశావు?" అనే ప్రశ్నతో మొదలుపెడితే సాధారణంగా వచ్చేది మౌనం. "ఆ రోజు పొద్దున్నుంచి ఏం జరిగింది?" అని అడిగితే కథ బయటికి వస్తుంది. మన బాలుడి విషయంలో తెలిసినవి ఇవి అనుకుందాం: లెక్కల్లో వెనకబడి తరగతిలో అవమానపడ్డాడు, బడి మానిన రోజుల్లో ఆ ఇద్దరు బాలురు దొరికారు, వారితో కలిసి కల్లు తాగడం అలవాటైంది, తండ్రి ఫోన్ చేసినప్పుడల్లా తిట్లే వినిపించాయి. మంచి విషయాలు కూడా నమోదు చేయాలి. చెల్లెలిని రోజూ బడిలో దింపేది అతడే. మోటారు, వైరింగ్ పనుల్లో చేయి తిరిగినవాడు. మేనమామ మాట వింటాడు. కౌన్సెలర్ పని నిలబడేది ఈ రెండో జాబితా మీదే.

7.5.2 కుటుంబంతో ఒప్పందం

బాండు మీద సంతకం పెట్టించి కుటుంబాన్ని పంపేస్తే పని జరగదు. తల్లికి వీలైన సమయంలో కౌన్సెలర్ ఇంటికి వెళ్లాలి. బీడీలు కార్ఖానాలో అప్పగించే రోజున వెళ్లి గంటసేపు కూర్చోబెట్టడం ఆమె కూలికి గండి కొట్టడమే. "నాతోని అయితలేదు" అన్న తల్లికి కావలసింది పెంపకం మీద ఉపన్యాసం కాదు, చేయూత. రాత్రి 8 గంటలకల్లా ఇంటికి రావాలి, రానప్పుడు మేనమామకు ఫోన్ చేయాలి – ఇలా రెండు మూడు స్పష్టమైన నియమాలను బాలుడి సమక్షంలో, అతని అంగీకారంతో రాసుకోవాలి. దుబాయిలోని తండ్రిని వీడియో కాల్ ద్వారా ఇందులో చేర్చాలి. వారానికి ఒకసారి తిట్టకుండా పది నిమిషాలు కొడుకుతో మాట్లాడటం ఆయన వంతు.

7.5.3 బడి, పని

ప్రధానోపాధ్యాయునితో మాట్లాడి తిరిగి తరగతిలో చేర్చడం మొదటి ప్రయత్నం. అది సాధ్యం కాకపోతే తెలంగాణ ఓపెన్ స్కూల్ సొసైటీ ద్వారా పదో తరగతి రాసే దారి ఉంది. ఆగిన చదువును దూరవిద్యలో అందుకోవడం ఏమిటో మీలో చాలామందికి స్వయంగా తెలుసు. వైరింగ్‌లో ఉన్న నేర్పును తరవాత ఐటీఐ చదువు వైపు మళ్లించవచ్చు. ఏ చేయి కేబుల్ కోసిందో ఆ చేతికే కేబుల్ కలపడం వచ్చు.

7.5.4 మత్తు

ఉమ్మడి నిజామాబాద్ ప్రాంతంలో కల్తీ కల్లు సమస్య ప్రభుత్వానికి, వైద్యులకు తెలిసినదే. కల్లులో అల్ప్రాజోలం వంటి మత్తు మందు కలిపినప్పుడు తాగేవారు దానికి బానిసలవుతారు. అటువంటివారు ఒక్కసారిగా మానితే ఫిట్స్, వణుకు, భ్రమలు రావచ్చు. కాబట్టి "రేపటి నుంచి ముట్టను" అని ఒట్టు వేయించడం ప్రమాదకరం. ముందుగా ప్రభుత్వాసుపత్రిలో వైద్యునికి చూపించి, ఆయన సలహా ప్రకారం క్రమంగా మాన్పించాలి. ఇది కౌన్సెలర్ ఒక్కడి వల్ల అయ్యే పని కాదు.

7.5.5 నష్టాన్ని సరిచేయడం

రైతును మరచిన కార్యక్రమానికి ఊరిలో విలువ ఉండదు. బోర్డు అనుమతితో, రైతుకూ బాలుడికీ ఇష్టమైతే వారిద్దరినీ ఒకచోట కూర్చోబెట్టవచ్చు. ఎండిన మడి గురించి రైతు నోటివెంట వినడం బాలుడికి ఏ ఉపన్యాసం కంటే ఎక్కువ నేర్పుతుంది. కేబుల్ ఖరీదును కుటుంబం వాయిదాల్లో చెల్లించడం, కొత్త కేబుల్ వేసే రోజున బాలుడు మేనమామతో వెళ్లి పనిలో సాయపడటం ఇద్దరికీ అంగీకారమైన పరిష్కారం కావచ్చు. న్యూజీలాండ్ 1989 నాటి చట్టంతో ఇటువంటి కుటుంబ సమావేశాలను బాలన్యాయ వ్యవస్థకు కేంద్రంగా చేసుకొంది. అక్కడి మావోరి సమాజపు సంప్రదాయాలు దీనికి ప్రేరణ.

7.5.6 సమీక్ష, ముగింపు

మొదటి 2 నెలలు వారానికి ఒకసారి, తరవాత నెలకు రెండుసార్లు ఇంటికి వెళ్లడం ఆచరణలో పెట్టగల క్రమం. మధ్యలో బాలుడు ఒకసారి జారిపడవచ్చు. బడి ఎగ్గొట్టినంత మాత్రాన కార్యక్రమం విఫలమైనట్లు కాదు. ఎప్పుడు ముగుస్తుందో కుటుంబానికి మొదటే చెప్పాలి. ముగిసిన తరవాత ఈ విషయం బాలుడి ఉద్యోగానికి, చదువుకు అనర్హత కారాదని 24వ సెక్షన్ రక్షణ కల్పిస్తుంది.

మీ ప్రగతిని పరీక్షించుకోండి – 2
మదింపులో బాలుడి బలాలను నమోదు చేయడం ఎందుకు అవసరం?

7.6 పరిమితులు, జాగ్రత్తలు

(అ) మంచి ఉద్దేశం చాలదు. అమెరికాలో 1939 లో మొదలైన కేంబ్రిడ్జ్–సోమర్‌విల్ అధ్యయనంలో వందలాది బాలురకు సలహాదారులు సంవత్సరాల తరబడి సాయం అందించారు. దాదాపు 30 ఏళ్ల తరవాత జోన్ మెకార్డ్ వారి జీవితాలను పరిశీలించి 1978 లో ఫలితాలు ప్రకటించింది. సాయం పొందినవారు పొందనివారి కంటే మెరుగ్గా లేరు. కొన్ని విషయాల్లో వెనకబడి ఉన్నారు. ఇటువంటి బాలురను పదేపదే వేసవి శిబిరాలకు పంపడం ఒక కారణమై ఉండవచ్చని తరవాతి విశ్లేషణ సూచించింది. బృంద కౌన్సెలింగ్ నిర్వహించేవారు ఈ పాఠాన్ని గుర్తుంచుకోవాలి. ఆ ముగ్గురు బాలురను ఒకే బృందంలో కూర్చోబెట్టడం తెలివైన పని కాదు.

(ఆ) భయపెట్టడం కౌన్సెలింగ్ కాదు. బాలలకు జైలు చూపించి బెదిరించే కార్యక్రమాలను అమెరికాలో నడిపారు. అవి నేరాలను తగ్గించకపోగా పెంచాయని సమీక్షలు తేల్చాయి. స్టేషన్‌లో కూర్చోబెట్టి బెదిరించి పంపడం కూడా ఈ కోవలోదే.

(ఇ) సమాజం ఎప్పుడూ మేలే చేయదు. ఈ ప్రాంతంలో కొన్ని గ్రామాభివృద్ధి కమిటీలు జరిమానాలు, సాంఘిక బహిష్కరణలు విధించిన సంఘటనలు వార్తలకెక్కాయి. అటువంటి పంచాయితీలో బాలుణ్ణి నిలబెడితే అది శిక్షే అవుతుంది. లింగంపేటలోని నాగన్న బావి పరిసరాలను శుభ్రం చేయడం మంచి సమాజ సేవ. కాని బాలుణ్ణి ఒక్కణ్ణే చీపురిచ్చి ఊరంతా చూసేలా నిలబెడితే అది అవమానం. తోటి స్వచ్ఛంద సేవకులలో ఒకడిగా చేయిస్తే అదే పని గౌరవమవుతుంది.

(ఈ) గోప్యత. ఊరి సాయం కావాలంటే కొందరికి విషయం తెలియాలి. బాలుడి గుర్తింపును వెల్లడించడాన్ని 74వ సెక్షన్ నిషేధిస్తుంది. ఉల్లంఘించినవారికి 6 నెలల వరకు జైలు లేదా 2 లక్షల రూపాయల వరకు జరిమానా లేదా రెండూ విధించవచ్చు. వాట్సాప్ గ్రూపులో ఫొటో పెట్టడం ప్రమాదకరమని గ్రామ పెద్దలకు ముందే చెప్పాలి. మేనమామ, ప్రధానోపాధ్యాయుడు, రైతు – తెలియవలసినవారికి తెలియవలసినంతే చెప్పాలి.

(ఉ) అన్ని ఇళ్లూ క్షేమకరం కావు. ఇంట్లోనే హింస, లైంగిక వేధింపు ఉన్నప్పుడు, ఇంటి పెద్దలే బాలుడితో నేరం చేయిస్తున్నప్పుడు, బాధితుడికి ముప్పు ఉన్నప్పుడు ఆ ఇల్లు తగదు. అప్పుడు కూడా సంస్థకు ముందు తాత, మేనమామ వంటి బంధువుల ఇంటిని పరిశీలించాలి. ఆపదలో ఉన్న బాలల కోసం 1098 సహాయవాణి పనిచేస్తుంది.

7.7 సారాంశం

ఇంటి దగ్గర ఉంచడం శిక్ష నుంచి మినహాయింపు కాదు. అది బాలుడు, కుటుంబం, బడి, ఊరు కలిసి మోసే బాధ్యత. చట్టం ఆ దారిని మొదటి స్థానంలో ఉంచింది. కౌన్సెలింగ్ ఉపదేశంగా మిగిలిపోయినా, ఉత్తర్వు కాగితం మీదే ఆగిపోయినా రైతు భయమే నిజమవుతుంది. వారం వారం ఇంటి గడప తొక్కే మనిషి ఉంటే, "నాతోని అయితలేదు" అన్న తల్లి ఒంటరి కాదు. ఆమె మోయలేనన్నది ఒంటరిగా మోయవలసి వచ్చిన బరువునే తప్ప కొడుకును కాదు. మీలో కొందరు రేపు ప్రొబేషన్ అధికారులుగా, ఉపాధ్యాయులుగా, అంగన్‌వాడీ కార్యకర్తలుగా, పంచాయతీ సభ్యులుగా ఆ గడప ముందు నిలబడవచ్చు. అప్పుడు మొదట వినండి, తరవాత మాట్లాడండి.

7.8 ముఖ్యపదాలు

ప్రొబేషన్: మంచి నడవడిక షరతుతో, పర్యవేక్షణలో ఇంటి దగ్గర ఉండనివ్వడం.
సామాజిక దర్యాప్తు నివేదిక: బాలుడి కుటుంబ, విద్య, ఆర్థిక, సామాజిక స్థితిగతులపై బోర్డుకు ఇచ్చే నివేదిక.
తగిన వ్యక్తి: బాలుడి సంరక్షణ బాధ్యత తీసుకోవడానికి అర్హుడిగా గుర్తింపు పొందిన వ్యక్తి.

7.9 నమూనా పరీక్ష ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 30 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. బాలన్యాయ చట్టం, 2015 ప్రకారం బాలుణ్ణి ఇంటి దగ్గర ఉంచడానికి ఉన్న అవకాశాలను వివరించండి.
2. మీ ఊరిలో ఇటువంటి బాలుడి విషయంలో ఇంటి దగ్గర కౌన్సెలింగ్‌ను ఏ దశల్లో నిర్వహిస్తారు? బాలుడి గుర్తింపు బయటపడకుండా రాయండి.

II. కింది ప్రశ్నలకు 10 పంక్తులలో సమాధానాలు రాయండి.
1. కేంబ్రిడ్జ్–సోమర్‌విల్ అధ్యయనం నేర్పే పాఠం ఏమిటి?
2. సమాజ సేవ ఎప్పుడు అవమానంగా మారుతుంది?